తప్పు ప్రశ్నదైతే కన్నీళ్ళు మనకెందుకు?

చెల్లెళ్ళూ, ఈసారి పరీక్షల ముచ్చట చెప్పుకుందాం. టెన్త్, ఇంటర్ పరీక్షలు కాదులెండి. నెట్‌వర్కింగ్ ఉద్యోగాల కోసం మన ఆడపిల్లలు రాసే సర్టిఫికేషన్ పరీక్షలు: సీసీఎన్ఏ, నెట్‌వర్క్ ప్లస్ లాంటివి. ఈ రంగంలో పనిచేస్తూ, నా తర్వాత వచ్చిన పిల్లలకు చేతనైనంత సాయం చేస్తూ వస్తున్నాను. కొంతకాలంగా నా మనసులో ఒక బాధ గూడుకట్టుకుని ఉంది. మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాను?

ఈ పరీక్షల సంగతి తెలియని అమ్మలూ అత్తయ్యలూ కూడా ఇది చదువుతారు కనుక రెండు ముక్కలు చెబుతాను. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లన్నిటినీ కలిపే రూటర్లు, స్విచ్‌ల పని తెలిసినవాళ్ళని నిరూపించే కాగితమే ఈ సర్టిఫికెట్. సిస్కో వాళ్ళ సీసీఎన్ఏ 1998 నుంచి ఉంది. 2020 ఫిబ్రవరి 24 నుంచి దాన్ని 200-301 అనే ఒకే పరీక్షగా మార్చారు. రెండు గంటల సమయం. ఒక ప్రశ్న దాటి ముందుకెళ్ళాక వెనక్కొచ్చి మార్చుకునే వీలుండదు. ఫీజు 300 డాలర్లు. మన దగ్గర పన్ను కూడా కలిస్తే ముప్పై వేల రూపాయలకు అటూ ఇటూ. పాసయ్యాక మూడేళ్ళే చెల్లుబాటు. కాంప్‌టియా వాళ్ళ నెట్‌వర్క్ ప్లస్‌లో 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 100 నుంచి 900 దాకా ఉండే స్కోరులో 720 తెచ్చుకోవాలి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గల్లీలోకి వెళ్ళినా ఈ పరీక్షల కోచింగ్ బోర్డులే. నల్గొండ నుంచి, ఒంగోలు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయికి ముప్పై వేలంటే కొన్ని నెలల హాస్టల్ ఖర్చు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి మళ్ళీ అడుగుపెట్టాలనుకునే చెల్లికైతే, ఇంట్లో అందరినీ ఒప్పించి తీసుకున్న డబ్బు అది. అంత పెట్టి హాల్లో కూర్చున్నప్పుడు స్క్రీన్ మీద కనిపించే ప్రశ్న సరిగ్గా ఉండాలని కోరుకోవడం అత్యాశా?

పరీక్ష కష్టంగా ఉందని నేను గొడవపడటం లేదు. కష్టంగా ఉండాలి కూడా. ఒక ఆసుపత్రి నెట్‌వర్క్‌ను చేతిలో పెట్టేముందు మనిషికి పని వచ్చో రాదో గట్టిగా చూడాల్సిందే. నా బాధల్లా కష్టమైన ప్రశ్నకూ గజిబిజి ప్రశ్నకూ తేడా లేకుండా పోతోందని. ఫెయిలైన పిల్లలు నా దగ్గరికొచ్చి, "అక్కా, టాపిక్ వచ్చు, కానీ వాళ్ళు ఏం అడుగుతున్నారో అంతుపట్టలేదు" అంటుంటే కడుపు తరుక్కుపోతుంది. అదీ పని బాగా తెలిసిన పిల్లలే ఈ మాట ఎక్కువగా అంటున్నారు.

కష్టమైనా న్యాయమైన ప్రశ్న ఎలా ఉంటుందో ముందు చూడండి. ఒక సిస్కో రూటర్‌కు రెండు దారులు తెలుసు. వాటిని ఓఎస్‌పీఎఫ్, రిప్ అనే రెండు పద్ధతుల్లో తెలుసుకుంది. 10.1.1.0/24 కి ఓఎస్‌పీఎఫ్ చెప్పిన దారి ఒకటి, 10.1.1.128/25 కి రిప్ చెప్పిన దారి ఇంకొకటి. 10.1.1.200 కి వెళ్ళాల్సిన ప్యాకెట్ ఏ దారి పడుతుంది? చాలామంది చదవగానే ఓఎస్‌పీఎఫ్ అనేస్తారు. ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 110, రిప్‌ది 120, తక్కువున్నదే గెలుస్తుందని బట్టీ పట్టి ఉంటారు కనుక. ఆ పోలిక ఒకే గమ్యానికి, అంటే ఒకే ప్రిఫిక్స్‌కు రెండు దారులున్నప్పుడే పనికొస్తుంది. ఇక్కడ ప్రిఫిక్స్‌లే వేరు. ఊరి పేరు మాత్రమే రాసిన బోర్డు, వీధి పేరు కూడా రాసిన బోర్డు పక్కపక్కన ఉంటే మనం రెండోదాన్నే పట్టుకుని వెళతాం కదా, రూటర్ కూడా అంతే. గమ్యాన్ని ఎక్కువ కచ్చితంగా చెప్పే /25 దారినే ఎంచుకుంటుంది. కాబట్టి జవాబు రిప్. ఈ ప్రశ్నలో తికమక ఉంది, కానీ మోసం లేదు. కావాల్సిన సమాచారమంతా ముందే పెట్టారు. విషయం అర్థమైన పిల్ల రాస్తుంది, బట్టీ పట్టిన పిల్ల తప్పుతుంది. ఇలాంటి ప్రశ్నలు ఎన్నిచ్చినా సంతోషమే.

ఇక గజిబిజి ప్రశ్నల సంగతికొద్దాం. అసలు పరీక్షలో వచ్చినవి బయటపెట్టకూడదని మనతో ఒప్పందం చేయించుకుంటారు కనుక వాటి జోలికి పోను. ప్రాక్టీస్ టెస్టుల్లో, కోచింగ్ మెటీరియల్‌లో కనిపించే తరహావే చెబుతాను. రెండు రూటర్ల మధ్య ఒకే లింకు ఉంది, ఐపీ అడ్రస్‌లు అన్నిటికన్నా తక్కువ వృథా అయ్యే మాస్క్ ఏది? ఆప్షన్లు /29, /30, /31, /32. కీలో జవాబు /30 అని ఉంటుంది. పాత లెక్క ప్రకారం అది సరే. /30లో నాలుగు అడ్రస్‌లుంటాయి. నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి పోగా చెరొకటి మిగులుతుంది. అదే లెక్కన /31లో ఉన్న రెండూ పోతే మిగిలేది సున్నా. కానీ ఇలాంటి లింకుల మీద /31లోని రెండు అడ్రస్‌లనూ వాడుకోవచ్చని 2000 డిసెంబరులో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3021 చెప్పేసింది. పెద్ద నెట్‌వర్క్‌లలో పనిచేసేవాళ్ళు /31 పెట్టిన లింకులు చూస్తూనే ఉంటారు. అలా చూసిన అమ్మాయి /31 అని రాస్తే తప్పు, పాతికేళ్ళ కిందటి నోట్సు చదివిన అమ్మాయి /30 అని రాస్తే ఒప్పు. ఇదెక్కడి న్యాయం చెప్పండి?

ఒక నెట్‌వర్క్‌ను ముక్కలు చేసే సబ్‌నెట్ల లెక్కలోనూ ఇదే తంతు. మొదటి సబ్‌నెట్‌నూ చివరి సబ్‌నెట్‌నూ వాడకూడదన్న పద్ధతి 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 950 రోజులది. దానికి కాలం చెల్లిందని 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1878 చెప్పింది. అయినా ఎన్ని సబ్‌నెట్లు వస్తాయని అడిగి, రెండు తీసేసిన జవాబే కీలో పెట్టే మెటీరియల్ ఇంకా చేతులు మారుతూనే ఉంది. మూడు బిట్లు తీసుకుంటే ఎనిమిది సబ్‌నెట్లు వస్తాయని తెలిసిన పిల్ల, ఈ కీ చూసి తనకే ఏదో తెలియలేదని కుమిలిపోతుంది.

ఇంకో రకం ఉంది. "ఒక ఉద్యోగి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ రావడం లేదు. ఇంజినీర్ మొదట ఏం చెయ్యాలి?" అంటారు. కేబుల్ చూడాలి, ఐపీ అడ్రస్ చూడాలి, డీఫాల్ట్ గేట్‌వేకు పింగ్ చెయ్యాలి, పక్కవాళ్ళకు వస్తోందో లేదో కనుక్కోవాలి అని నాలుగు ఆప్షన్లు. నాలుగూ మనం చేసే పనులే. ఇంజినీర్ గచ్చిబౌలిలో కూర్చుని విశాఖ బ్రాంచి సమస్య చూస్తోందనుకోండి, కేబుల్ ముట్టుకోవడం ఎలా కుదురుతుంది? అదే గదిలో ఉంటే కేబుల్ చూడటానికి అర నిమిషం చాలు. ఆవిడ ఎక్కడుందో, అప్పటికే ఏమేం చూసిందో చెప్పకుండా మొదట ఏది అంటే మనం ఏం చెప్పగలం? కాంప్‌టియా తన సిలబస్‌లో సమస్య పరిష్కారానికి ఏడు మెట్లు వరుసగా రాసింది. ముందు సమస్య ఏమిటో తేల్చుకోవడం, తర్వాత కారణం ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ఇలా చివరికి చేసినదంతా రాసిపెట్టడం దాకా. ఆ మెట్ల ప్రకారం చెప్పమంటే ఎవరికీ పేచీ లేదు. ఆ ముక్క కూడా చెప్పకుండా అడిగితే, అది నెట్‌వర్క్ తెలుసా అని అడిగినట్టు కాదు, ప్రశ్న రాసినాయన మనసులో ఏముందో కనిపెట్టమన్నట్టు.

ఏ కంపెనీకీ చెందని పరీక్ష అంటూనే ఒక కంపెనీ లెక్కలు అడగడం మరో రకం. ఇందాక ఓఎస్‌పీఎఫ్‌కు 110 అన్నాను చూశారూ, అది సిస్కో రూటర్లలో. జూనిపర్ రూటర్లలో దానికి మామూలుగా ఇచ్చే విలువ 10. ఆఫీసులో జూనిపర్ పరికరాలతో పనిచేసే చెల్లికి ప్రశ్నలో కంపెనీ పేరు చెప్పకపోతే ఏది రాయాలో ఎలా తెలుస్తుంది?

వీటన్నిటికీ మించి నన్ను బాధపెట్టేది మెలికల ఇంగ్లీషు. ఈ కిందివాటిలో ఏది తప్ప మిగతావి సరైనవి కావు అనే ధోరణిలో నాలుగైదు వరుసలు సాగదీస్తారు. తెలుగు మీడియంలో చదివి, కష్టపడి ఇంగ్లీషు నేర్చుకుని, వీల్యాన్ కాన్ఫిగరేషన్ చకచకా చేసేసే పిల్ల ఆ వాక్యం దగ్గర రెండు నిమిషాలు పోగొట్టుకుంటుంది. అక్కడ పోయిన సమయం చివర్లో తెలిసిన ప్రశ్నలకు చాలదు. ఆ పిల్లకు నెట్‌వర్కింగ్ రాదందామా?

ఇది నా ఒక్కదాని చాదస్తమని అనుకోకండి. ప్రశ్న రాయడానికి ఒక శాస్త్రం ఉంది. హలడైనా, డౌనింగ్, రోడ్రిగెజ్ అనే ముగ్గురు పండితులు బహుళైచ్ఛిక ప్రశ్నలు ఎలా రాయాలో అప్పటిదాకా వచ్చిన పుస్తకాలనూ పరిశోధనలనూ పరిశీలించి 2002లో 31 సూత్రాలు ఇచ్చారు. అనవసరమైన మాటలు పెంచొద్దు, "కాదు", "తప్ప" లాంటివి వీలైనంత వాడొద్దు, సరైన జవాబు ఒక్కటే ఉండాలి, అసలు విషయం ప్రశ్నలోనే ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. మనుషులకు ఇచ్చే సర్టిఫికెట్లు ఎలా నడపాలో చెప్పడానికి ఐఎస్ఓ 17024 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. నెట్‌వర్క్ ప్లస్‌కు ఆ ప్రమాణం కింద గుర్తింపు కూడా ఉంది.

సరిగ్గా చేసే చోట పద్ధతి ఇలా ఉంటుంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రోజూ ఏం చేస్తారో ముందు లెక్క తీస్తారు. దాన్నిబట్టి సిలబస్, సిలబస్‌ను బట్టి ప్రశ్నలు. రాసిన ప్రశ్నను ఇతర నిపుణులు చూస్తారు. కనీస అర్హత ఉన్న మనిషి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే అవకాశం ఎంత అని ఒక్కొక్కరిచేత అంచనా వేయించి పాస్ మార్కు తేలుస్తారు. ఆంగాఫ్ అనే పండితుడు 1971లో రాసినదాని నుంచి వచ్చిన పద్ధతి అది, ఇప్పటికీ వాడుకలో ఉంది. కొత్త ప్రశ్నలను మార్కులు లెక్కపెట్టకుండా పరీక్షలో కలిపి, ఎవరు ఎలా రాశారో చూస్తారు. మొత్తం మీద మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్ళే ఒక ప్రశ్నలో తప్పుతూ, తక్కువ స్కోరువాళ్ళు దాన్ని సరిగ్గా రాస్తున్నారంటే లోపం ఆ ప్రశ్నలోనో దాని కీలోనో ఉందని అనుమానించాలి. /31 లాంటి ప్రశ్న అక్కడే పట్టుబడాలి. ఇన్ని జల్లెడలున్నా చెత్త ప్రశ్న మన స్క్రీన్ దాకా వచ్చిందంటే, ఎక్కడో ఎవరో పని సరిగ్గా చెయ్యలేదన్నమాట.

మన దగ్గర ఎప్‌సెట్ రాసిన ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. పరీక్షయిన కొద్ది రోజులకే ప్రాథమిక కీ పెడతారు. పిల్ల తన రెస్పాన్స్ షీట్ పక్కన పెట్టుకుని ఒక్కో ప్రశ్నా సరిచూసుకుంటుంది. కీ తప్పనిపిస్తే అభ్యంతరం పెడుతుంది. జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు 200 రూపాయలు కట్టి సవాలు చెయ్యొచ్చు. ప్రశ్నే తప్పని తేలితే దాన్ని తీసేసి మార్కులు కలుపుతారు. ఆ పద్ధతిలోనూ లోపాలు లేకపోలేదు, కానీ "ఇది తప్పు" అని చెప్పుకునే కిటికీ ఒకటి తెరిచి ఉంది. ముప్పై వేలు కట్టిన సర్టిఫికేషన్ పరీక్షలో చేతికొచ్చే కాగితం మీద ఏ విభాగంలో ఎంత శాతం అన్నదే ఉంటుంది. ఏ ప్రశ్న తప్పిందో తెలియదు, కీ కనిపించదు, ప్రశ్న గురించి బయట మాట్లాడితే ఒప్పందం ఉల్లంఘించినట్టు. ప్రశ్నలు లీకవకుండా ఉండాలంటే కొంత గోప్యత అవసరమే, ఒప్పుకుంటాను. కానీ రాసిన మనిషి సంస్థకు లోపల ఫిర్యాదు చేసి, దానికో జవాబు తెచ్చుకునే దారి తేలిగ్గా ఉండాలి కదా. గోప్యత ప్రశ్నలను కాపాడాలి, ప్రశ్నల్లోని తప్పులను కాదు.

ఇలాంటి గజిబిజి ప్రశ్నలవల్ల జరిగే అసలు నష్టం డంప్స్. దొంగతనంగా బయటికొచ్చిన ప్రశ్నలూ జవాబులూ పీడీఎఫ్ చేసి అమ్ముతుంటారు. రాత్రీపగలూ ల్యాబ్ చేసిన పిల్ల గజిబిజి ప్రశ్నల దగ్గర ఫెయిలై, పక్క బెడ్ పిల్ల డంప్ బట్టీ పట్టి పాసైతే, ఆ హాస్టల్ గదిలో ఏం పాఠం నేర్చుకుంటారు? చదువుకోవడం దండగ అనే కదా. ప్రశ్న బాగుంటే చదువు పనికొస్తుంది. ప్రశ్న బాగోకపోతే రాసినవాడి మనసు తెలియాలి, దానికి దగ్గరి దారి డంపే. చెల్లెళ్ళూ, ఆ దారిన మాత్రం పోకండి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో రెండు స్విచ్‌ల బొమ్మ గీసి ట్రంక్ ఎందుకు పనిచెయ్యడం లేదో చెప్పమంటే అక్కడ బయటపడిపోతారు.

పద్ధతి మార్చడం అసాధ్యమా అంటే, మంచి నమూనాలు కళ్ళెదుటే ఉన్నాయి. 1993లో మొదలైన సిస్కో సీసీఐఈలో ల్యాబ్ పరీక్ష ఎనిమిది గంటలు, నెట్‌వర్క్‌ను కట్టి, నడిపించి చూపించాలి. రెడ్‌హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్ఏ కూడా చేసి చూపించే పరీక్షే. అక్కడ ఇంగ్లీషు మెలికలకు చోటు తక్కువ, సర్వర్ నడిచిందా లేదా అన్నదే లెక్క. ప్రవేశస్థాయి పరీక్షల్లో కూడా చేసి చూపించే భాగం పెరిగితే మన పిల్లలకు మేలు.

అది జరిగేలోగా మీరు చెయ్యగలిగినవి కొన్ని చెబుతాను. సిస్కో తన సిలబస్‌లో ఏ భాగానికి ఎంత వెయిటేజీయో బాహాటంగానే రాసింది. ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, ఫండమెంటల్స్‌కూ నెట్‌వర్క్ యాక్సెస్‌కూ చెరో 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసులకూ ఆటోమేషన్‌కూ చెరో 10. దాన్ని గోడకు అంటించుకుని చదవండి. ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది, చదివిన ప్రతి విషయాన్నీ అందులో కట్టి చూడండి. ప్రాక్టీస్ టెస్టులో కీ తప్పనిపిస్తే ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, అధికారిక పత్రం తీసి సరిచూడండి. పరీక్షలో ముందు ప్రశ్న చివరి వాక్యం చదవండి, ఏం కావాలో తేలాక మిగతాది చదవండి. ప్రశ్నలో లేని విషయాన్ని మీ ఆఫీసు అనుభవంలోంచి తెచ్చి కలపకండి. ఏ కంపెనీ పరీక్షో ఆ కంపెనీ పద్ధతి ప్రకారమే జవాబు పెట్టండి. వెనక్కి వెళ్ళే వీలులేని పరీక్షలో ఒక గజిబిజి ప్రశ్నకు మీ సమయమంతా ధారపొయ్యకండి, తోచింది పెట్టి ముందుకు సాగండి. బొమ్మ తెరుచుకోకపోయినా, స్క్రీన్ ఆగిపోయినా వెంటనే అక్కడి పర్యవేక్షకులకు చెప్పి, ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసుకుని మరీ రండి. ఫెయిలైతే సీసీఎన్ఏ మళ్ళీ రాయడానికి ఐదు రోజులు ఆగాలి, పూర్తి ఫీజు కట్టాలి. కాబట్టి కోపంలో వెంటనే బుక్ చెయ్యకుండా శాతాల కాగితం చూసుకుని, బలహీనంగా ఉన్న భాగం మళ్ళీ చదివాకే వెళ్ళండి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఫీజు ఆఫీసువాళ్ళు భరిస్తారేమో అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. పిల్ల ఫెయిలై ఇంటికొస్తే "ముప్పై వేలు బూడిదలో పోశావు" అనకండి. ఎక్కడ తడబడిందో కూర్చోబెట్టి అడగండి. కోడలు ఇన్నేళ్ళ తర్వాత పుస్తకం పట్టిందంటే ఆ సాయంత్రాలు వంట ఇంకొకరు చూసుకోండి.

చివరిగా, హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఈ రంగంలో సీనియర్లుగా ఉన్న మన అక్కలకూ అన్నలకూ నా మనవి. ప్రశ్నలు రాయడానికీ సమీక్షించడానికీ సర్టిఫికేషన్ సంస్థలు పనిలో ఉన్న నిపుణులను పిలుస్తుంటాయి. మీరు వెళ్ళండి. పాత లెక్కలుంటే కొట్టెయ్యండి, మెలికల వాక్యాలను విడగొట్టండి, రెండు జవాబులకు చోటున్న ప్రశ్నను పక్కన పెట్టించండి. నిజాయితీగా చదువుకుని వచ్చిన పిల్లకు మీరు చెయ్యగల సాయం ఇంతకన్నా లేదు. చెల్లెళ్ళూ, మీరు కూడా పరీక్ష రాశాక అభిప్రాయం అడిగితే ఖాళీగా వదిలెయ్యకండి, ఎక్కడ అర్థం కాలేదో మర్యాదగా, సూటిగా రాయండి. మన డబ్బు కట్టి రాసే పరీక్ష అది, సరైన ప్రశ్న అడగమనే హక్కు మనకుంది.